దేశం ఎదగాలంటే ముందు చదువా, ఎగుమతులా?

వేకువ: దక్షిణ కొరియా పేరెత్తితే అందరూ ఎగుమతుల లెక్కలే చెబుతారు. 1964లో 10 కోట్ల డాలర్లు, 1977కి 1,000 కోట్లు. నిజమే. కానీ అంతకు ముందే, 1950లలోనే, వాళ్లు పిల్లల్ని బడిలో వేశారు. ఆ పిల్లలే పెద్దయ్యాక ఫ్యాక్టరీల్లో చేరారు. అందుకే ముందు చదువు అంటాను.

సాలెగూడు: వేకువ గారూ, మరి ఫిలిప్పీన్స్ సంగతేంటి? 1960లో అక్కడి అక్షరాస్యత, తలసరి ఆదాయం దాదాపు కొరియాతో సమానం. ముప్పై ఏళ్లు తిరిగేసరికి కొరియా అందనంత దూరం వెళ్లిపోయింది. బంగ్లాదేశ్ చూడండి. 1979లో అక్కడి దేశ్ గార్మెంట్స్ అనే బట్టల కంపెనీ తన మనుషుల్ని 130 మందిని కొరియాలోని దేవూ ఫ్యాక్టరీకి పంపింది. కుట్టుపని ఒక్కటే కాదు, నాణ్యత చూడటం, సరుకు అమ్మడం కూడా అక్కడే నేర్చుకున్నారు. తర్వాత వాళ్లలో వందమందికి పైగా బయటికొచ్చి సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, లేదా కొత్తవాటిలో చేరారు. అంత పెద్ద బట్టల పరిశ్రమ అలా అల్లుకుంది. ఆ చదువు ఏ బడి చెప్పింది?

నల్లబల్ల: ఎగుమతులు చదువును మింగేసిన చోటూ ఉందండీ. మెక్సికోలో 1986–2000 మధ్య ఎగుమతి ఫ్యాక్టరీలు వచ్చిన ఊళ్లను డేవిడ్ అట్కిన్ అనే ఆర్థికవేత్త పరిశీలించారు. ప్రతి 25 కొత్త ఉద్యోగాలకు ఒక పిల్లవాడు 12వ తరగతి దాకా చదవాల్సింది 9తోనే ఆపేశాడట. పదహారేళ్లకే చేతికి జీతం వస్తుంటే ఇంకా చదవమని ఏ పేద తల్లి గట్టిగా చెప్పగలదు? అదే బంగ్లాదేశ్‌లో, బట్టల ఫ్యాక్టరీలకు దగ్గరగా ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారు, పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి. చదవడం, లెక్క రావడం ఆ పనిలో అక్కరకొచ్చాయి మరి. ఎంత ఎగుమతి అయిందన్నది సరే, ఆ పని మనిషి నుంచి ఏం అడుగుతోందో చూడాలి.

వేకువ: మెక్సికో సంగతి చదివితే మనసు చివుక్కుమంది. సాలెగూడు గారు చెప్పిన ఫిలిప్పీన్స్‌కు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఒక్కటి మాత్రం వదలను. కొరియా విగ్గులు, ప్లైవుడ్ అమ్ముతూ అక్కడే ఉండిపోలేదు. 1973 నుంచి ఉక్కు, ఓడలు, రసాయనాల వైపు తిరిగింది. వెల్డింగ్ చేసేవాళ్లు, డ్రాయింగ్ చదవగలిగేవాళ్లు వేలల్లో కావాలి కదా, దానికోసం సాంకేతిక ఉన్నత పాఠశాలలు పెంచింది. తొమ్మిదితో ఆపేసిన ఆ మెక్సికో పిల్లవాడికి, ఇంకో మూడేళ్లు చదివితే పక్క ఫ్యాక్టరీలోనే ఇంతకంటే మంచి పని దొరుకుతుందని కళ్లెదుట కనిపించి ఉంటే, బడి మానేసేవాడా?