ముందు జావాస్క్రిప్టా, ముందు రియాక్టా? ఇంటర్వ్యూలో బోల్తాపడి అడుగుతున్నాను

మొదటికమిట్:
ఎనిమిది నెలలుగా సొంతంగా వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నాను. మొదటి నెల హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్. రెండో నెల జావాస్క్రిప్ట్ పైపైన. మూడో నెల నుంచి ఇక రియాక్టే, అదే జావాస్క్రిప్ట్‌లో పేజీలు కట్టే లైబ్రరీ. గిట్‌హబ్‌లో మూడు ప్రాజెక్టులున్నాయి. ఒకటి నిజంగా నా సొంతం, మిగతా రెండూ వీడియో చూస్తూ కట్టినవి. దాచడం దేనికి.

మొన్న ఒక ఇంటర్వ్యూ జరిగింది. ఖాళీ ఫైలు, ఇరవై పేర్ల జాబితా ఇచ్చి, పైన సెర్చ్ బాక్స్, పక్కన ‘వెతుకు’ బటన్ పెట్టమన్నారు. రియాక్ట్ వాడకూడదు. టైము నలభై నిమిషాలు. బటన్ నొక్కిన ప్రతిసారీ జాబితా ఒక్క క్షణం సరిగ్గా కనిపించి, మళ్లీ ఇరవై పేర్లూ వచ్చేసేవి. ఎందుకో ఎంతకీ తెలియలేదు. టెన్షన్‌లో ఉన్నదాన్ని కూడా చెడగొట్టుకున్నాను. చివర్లో ఆయన మర్యాదగానే అన్నారు, "మీకు రియాక్ట్ వచ్చు, బ్రౌజర్ రాదు" అని.

రియాక్ట్ పక్కన పెట్టేసి మూడు నెలలు ఒట్టి జావాస్క్రిప్ట్ మీద కూర్చోవాలా? నాతోపాటు నేర్చుకున్న ఫ్రెండ్ మాత్రం "వదిలెయ్ రా, ఇంకో కంపెనీ చూడు, అందరూ అలా అడగరు" అంటున్నాడు. ఇంట్లో ఇంకా ఎన్నాళ్లని అడుగుతున్నారు.

పాతకాపు:
కూర్చోవాలి తమ్ముడూ. మూడు చాలకపోతే నాలుగు నెలలు.

నేను ఫీల్డులోకి వచ్చినప్పుడు జేక్వెరీ రాజ్యం. 2006లో వచ్చిన ఆ లైబ్రరీ వస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనేవాళ్లు. తర్వాత యాంగ్యులర్‌జేఎస్, అది 2010 నాటిది. దాని స్కోపులు, డైజెస్ట్ సైకిల్, డైరెక్టివ్‌లు మూడేళ్లు ఔపోసన పట్టాను. 2016లో యాంగ్యులర్ 2 వచ్చింది. పేరు అదే, లోపలంతా వేరు. పాత కోడ్ దాని మీద నడవదు. 2021 చివరితో పాతదానికి సపోర్టు కూడా ఆపేశారు. పోనీ రియాక్ట్ చూడు. 2013లో బయటికొచ్చింది. జనం ఏళ్ల తరబడి క్లాస్ కాంపొనెంట్లు రాశాక 2019లో హుక్స్ వచ్చి రాసే పద్ధతే మారిపోయింది. కొత్తవాళ్లందరూ మొదట టైప్ చేసే క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025లో అటకెక్కించారు.

ఆ మూడేళ్ల చదువులో ఇవాళ్టికీ నాకు పనికొస్తున్నవేంటంటే హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి), క్లోజర్లు (ఫంక్షన్ తాను పుట్టినచోటి వేరియబుల్స్‌ని పట్టుకుని ఉండటం), క్లిక్ లాంటి ఈవెంట్ లోపలి ఎలిమెంట్ నుంచి పైకి పాకే తీరు, సీఎస్ఎస్‌లో రెండు రూల్స్ కొట్టుకుంటే ఏది గెలుస్తుందనే లెక్క. జావాస్క్రిప్ట్ తొలిరూపాన్ని బ్రెండన్ ఐక్ 1995లో పది రోజుల్లో రాశాడు. ఆ తొందరలో దూరిన వింతలు చాలావరకు ఇంకా అలాగే ఉన్నాయి. తీసేస్తే పాత సైట్లు పాడైపోతాయి కాబట్టి ఎవరూ ముట్టుకోరు. లైబ్రరీ వాళ్లకి ఆ భయం లేదు, కొత్త వెర్షన్ అంటారు, పాతది మూలన పడేస్తారు. అందుకే ఏది ముందో నాకు అనుమానమే లేదు.

గబగబ:
పాతకాపు గారూ, మీరు యాంగ్యులర్‌జేఎస్ మీద పోగొట్టుకున్నానంటున్న ఆ మూడేళ్లూ జీతం వచ్చింది కదండీ? ఇతనికి రావట్లేదు. అసలు తేడా అక్కడుంది. మీరు క్లోజర్ గురించి ఎప్పుడు నేర్చుకున్నారు, ఉద్యోగానికి ముందా, తర్వాతా? నిజం చెప్పండి.

రిజ్యుమెని మొదట చూసేది చాలాచోట్ల డెవలపర్ కాదు. హెచ్‌ఆర్ వాళ్లు ప్రకటనలో ఉన్న పదం రిజ్యుమెలో ఉందా లేదా అని చూస్తారు. ‘క్లోజర్లు క్షుణ్ణంగా తెలుసు’ అని రాసుకుంటే ఎవరు పిలుస్తారు? పిలిస్తే కదా తప్పడానికైనా.

ఇంకోటి, రియాక్ట్ నేర్చుకుంటే జావాస్క్రిప్ట్ రాదనేది ఒట్టి మాట. మ్యాప్, ఫిల్టర్, స్ప్రెడ్, డీస్ట్రక్చరింగ్, ప్రామిస్‌లు, ఇవన్నీ నాకు రియాక్ట్ రాస్తూనే వంటబట్టాయి. ఒడ్డున కూర్చుని ఎన్నాళ్లు చేతులాడించినా ఈత రాదు.

పాతకాపు:
ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను, ఒప్పుకుంటున్నాను. కాకపోతే అప్పుడు పక్క కుర్చీలో ఒక సీనియర్ ఉండేవాడు. నేను జేక్వెరీతో చేసిన ప్రతిదాన్నీ అది లేకుండా రాసి చూపించమని ప్రాణం తీసేవాడు. ఈ అబ్బాయికి ఆ కుర్చీలో ఎవరున్నారు?

రెండోరౌండ్:
ఆరేళ్లుగా ఫ్రంట్‌ఎండ్ ఇంటర్వ్యూలు చేస్తున్నదాన్ని, కాబట్టి టేబుల్‌కి అవతలి వైపు నుంచి చెప్తాను.

ముందు ఆ బటన్ సంగతి. ఫారం లోపల పెట్టిన బటన్‌కి టైప్ ఇవ్వకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గానే తీసుకుంటుంది. నొక్కగానే నీ కోడ్ నడిచింది, జాబితా తగ్గింది, వెంటనే ఫారం సబ్మిట్ అయ్యి పేజీ మళ్లీ లోడయింది. టైప్‌ని ‘బటన్’ అని మార్చినా సరిపోయేది. ఫారం సబ్మిట్ ఈవెంట్‌ని పట్టుకుని ప్రివెంట్ డిఫాల్ట్ (బ్రౌజర్ తనంతట తాను చేసేదాన్ని ఆపే ఫంక్షన్) పిలిస్తే ఇంకా మంచిది, బాక్స్‌లో ఎంటర్ కొట్టినా పని జరుగుతుంది.

ఇది తెలియనందుకు నేనైతే ఫెయిల్ చేయను. పేజీ రీలోడ్ అవుతోందని గమనించావా? అడ్రస్ బార్ చివర ఒక ప్రశ్నార్థకం వచ్చి చేరి ఉంటుంది, చూశావా? బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచావా? నేను చూసేది వీటిని. నలభై నిమిషాలూ ఫిల్టర్ లైన్‌నే అటూ ఇటూ మారుస్తూ కూర్చున్నావంటే మాత్రం కష్టం. ఎందుకంటే ఉద్యోగంలో చేసేది కూడా అదే అవుతుంది.

నేను మామూలుగా అడిగేవి చెప్తాను, దాచుకోవాల్సినంత రహస్యాలేం కావు. ఫెచ్‌తో, అంటే డేటా తెప్పించే ఫంక్షన్‌తో, సర్వర్‌లోని ఏపీఐని పిలిచావు, 404 (అడిగింది దొరకలేదు) వచ్చింది. కోడ్ క్యాచ్‌లోకి, అంటే ఎర్రర్ వస్తే నడిచే భాగంలోకి, వెళ్తుందా? పదిమందిలో చాలామంది వెళ్తుందంటారు. వెళ్లదు. సర్వర్ నుంచి జవాబంటూ వచ్చింది కాబట్టి ఫెచ్ లెక్కలో అంతా సవ్యమే. నెట్‌వర్కే తెగిపోతే అప్పుడు క్యాచ్. రెస్పాన్స్‌లో ‘ఓకే’ అనే ప్రాపర్టీని మనమే చూసుకోవాలి. అది చూడని యాప్‌లో యూజర్‌కి ఎర్రర్ బదులు తెల్ల స్క్రీన్ కనిపిస్తుంది.

ఇంకో ప్రశ్న. పోస్ట్‌మ్యాన్‌లో (ఏపీఐలు పరీక్షించే యాప్) చక్కగా పనిచేసే ఏపీఐ బ్రౌజర్‌లో సీఓఆర్ఎస్ ఎర్రర్ (వేరే సైటు డేటా చదవడానికి అనుమతి లేదని) ఇస్తోంది, ఎందుకు? అడ్డుపడుతున్నది బ్రౌజర్. పోస్ట్‌మ్యాన్‌కి ఆ కాపలా పని లేదు. అనుమతి హెడర్ పంపాల్సింది సర్వర్. ఇది తెలియక రెండ్రోజులు రియాక్ట్ కోడ్‌ని తవ్విపోసినవాళ్లున్నారు. మరొకటి, 10, 9, 1 ఉన్న అర్రేని ఊరికే సార్ట్ అంటే వచ్చేది 1, 10, 9. పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అంకెల్ని కూడా స్ట్రింగులుగా మార్చి పోలుస్తుంది.

ఇవేవీ మూడు నెలల సిలబస్ కావు. తలుపులేసుకుని చదివితే గుర్తుండవు కూడా. ఒకసారి దెబ్బ తగిలితే ఉంటాయి.

డివ్‌కి, అంటే ఒట్టి డబ్బా లాంటి ట్యాగ్‌కి, క్లిక్ తగిలించి దాన్ని బటన్ అనడం గురించి కూడా ఒక మాట, ఇది నా చిరాకు అనుకోండి. కీబోర్డులో ట్యాబ్ కొడితే దాని మీద ఆగదు. ఎంటర్, స్పేస్ పనిచేయవు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది బటనని తెలియనే తెలియదు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీల్ని పరీక్షిస్తుంది. 2024లో 95 శాతానికి పైగా పేజీల్లో ఇలాంటి లోపాలు దొరికాయి. ఎక్కువగా దొరికినవి పాలిపోయిన అక్షరాలు, ఆల్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే రాత) లేని బొమ్మలు, లేబుల్ లేని ఫారాలు. కొత్తవాళ్ల ప్రాజెక్టులో ఈ మూడూ సరిగ్గా ఉంటే నేను ఆగి చూస్తాను. అది ఏ ఫ్రేమ్‌వర్కో తర్వాత.

సున్నాభాగహారం:
మీరంతా ఏ కాలంలో ఉన్నారు? ఆ బటన్ కోడ్ ఏఐకి పేస్ట్ చేస్తే రెండు సెకన్లలో చెప్పేది. రియాక్ట్ అదే రాస్తుంది, జావాస్క్రిప్ట్ అదే రాస్తుంది. ఏది ముందు అనే గొడవే పాతబడిపోయింది.

గబగబ:
ఇంటర్వ్యూలో పేస్ట్ చేయనిస్తారా స్వామీ?

పాతకాపు:
ఏఐ సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. మా టీములో ఒక కుర్రాడు స్క్రీన్ మీద సెకన్లు లెక్కపెట్టే కోడ్ ఏఐతో రాయించాడు. రియాక్ట్ యూజ్‌ఎఫెక్ట్‌లో సెట్ ఇంటర్వెల్ టైమర్, ఏవి మారితే మళ్లీ నడవాలో చెప్పే డిపెండెన్సీ జాబితా ఖాళీ. కౌంటర్ 1 దగ్గర ఆగిపోయింది. మళ్లీ దాన్నే అడిగితే జాబితాలో కౌంట్‌ని చేర్చమంది. పనిచేసింది! కాకపోతే ప్రతి సెకనుకీ పాత టైమర్‌ని చంపి కొత్తది పుట్టిస్తోంది. రివ్యూలో నేను ఎందుకిలా అంటే బిక్కమొహం వేశాడు.

జరిగింది ఇది. మొదటి రెండర్‌లో (కాంపొనెంట్‌ని తెరమీద గీసినప్పుడు) పుట్టిన ఫంక్షన్ అప్పటి సున్నాని పట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు నడిచినా సున్నాకి ఒకటి కలుపుతుంది. సెట్ ఫంక్షన్‌కి విలువ ఇవ్వకుండా ‘పాతదానికి ఒకటి కలుపు’ అనే ఫంక్షన్ ఇస్తే సరిపోయేది. చూడ్డానికి రియాక్ట్ బగ్, నిజానికి క్లోజర్.

సున్నాభాగహారం:
సరే, ఆ కుర్రాడు "ఎందుకు 1 దగ్గర ఆగింది" అని అడిగుంటే? క్లోజర్ పాఠం మొత్తం అదే చెప్పేది. ‘బాగుచెయ్’ అన్నాడు, బాగుచేసి ఇచ్చింది. అడిగేవాడి లోపాన్ని పనిముట్టుకి అంటగడితే ఎలా?

రెండోరౌండ్:
ఇది మాత్రం న్యాయమైన మాటే. మా దగ్గర ఇంటర్వ్యూలో ఏఐ వాడుకోనిస్తున్నాం ఇప్పుడు. అది ఇచ్చిన కోడ్‌లో ఒక లైను చూపించి, ఇది తీసేస్తే ఏమవుతుందని అడుగుతాను. ఆ ఒక్క ప్రశ్న చాలు.

చిన్నసైట్లు:
నేను ఉద్యోగం చేయను, చిన్న వ్యాపారాలకి సైట్లు కట్టిస్తాను. నా క్లయింట్లలో రియాక్ట్ అనే పేరు విన్నవాళ్లే తక్కువ. సైట్ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి, ఫారం నింపితే మెయిల్ రావాలి. అంతే. గూగుల్ పెట్టిన కొలతలు చూసుకుంటాను. పేజీలో ప్రధానమైన బొమ్మో రాతో 2.5 సెకన్లలోపు కనిపించాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు కదలిక ఉండాలి. లేఅవుట్ ఎగిరిపడే స్కోరు 0.1 దాటకూడదు. చివరిదానికి బొమ్మలకి వెడల్పు, ఎత్తు రాస్తే సగం పని అయిపోతుంది. ఐదు పేజీల సైటుకి రియాక్ట్ దించి, తర్వాత ఇవి దాటలేక తంటాలు పడేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

టాపిక్ కాదు గానీ, ఫ్రీలాన్స్ వైపు వస్తే డొమైన్ ఎప్పుడూ క్లయింట్ పేరు మీదే కొనిపించు. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు అనేది ముందే రాతలో పెట్టుకో. నేను రెండూ చేయక దెబ్బతిన్నాను.

గబగబ:
ఇన్ని మాటలయ్యాక కూడా నేను రియాక్ట్ ఆపమనను. అప్లై చేయడం అసలే ఆపొద్దు. ఒకటి చెయ్ తమ్ముడూ. వీడియో చూసి కట్టిన రెండు ప్రాజెక్టులూ రిజ్యుమెలోంచి తీసెయ్, అవే ప్రాజెక్టులు వందల రిజ్యుమెల్లో ఉంటాయి. నీ సొంతదాన్ని రియాక్ట్ లేకుండా మళ్లీ కట్టు. ఒక వారం పెట్టుకో. పాతకాపు గారి సీనియర్ చేయించింది కూడా అదే కదా.

పాతకాపు:
వారం చాలదు. కానీ మొదలుపెట్టనీ.

మొదటికమిట్:
అందరికీ థ్యాంక్స్. పది రోజులకి వచ్చాను.

ముందు ఆ ఇంటర్వ్యూ లెక్కే మళ్లీ చేశాను. అక్క చెప్పిన ప్రశ్నార్థకం నిజంగానే అడ్రస్ బార్‌లో కనిపించింది. అప్పుడు కూడా కళ్లముందే ఉండి ఉంటుంది. నా ప్రాజెక్టు (ఖర్చుల పట్టిక) రియాక్ట్ లేకుండా కట్టడానికి వారం చాలలేదు, పాతకాపు గారు గెలిచారు. ఇంకా సగమే అయింది.

దారిలో ఒకటి దొరికింది. రియాక్ట్‌లో కట్టిన పాతదాంట్లో, మధ్యలో ఒక వరస డిలీట్ చేస్తే దాని నోట్ బాక్స్‌లో టైప్ చేసింది కింది వరసలోకి వచ్చేసేది. నాలుగు నెలలుగా రియాక్ట్ బగ్ అనుకుంటున్నాను. చేత్తో రాసినప్పుడు నేను ఏ వరసని తీసేశానో ఆ వరసే పోయింది, బాక్స్ కూడా దాంతోపాటే పోయింది. అప్పుడు వెలిగింది. రియాక్ట్‌లో ఏ వరస ఏదో గుర్తుపట్టడానికి ఇచ్చే కీగా వరస నంబర్ ఇచ్చాను. మూడోది తీసేస్తే నాలుగోది మూడోది అవుతుంది. రియాక్ట్ నంబర్ చూసి ఇది ఆ పాత వరసే అనుకుని, దాని బాక్స్‌ని అలాగే ఉంచేస్తోంది. ప్రతి ఖర్చుకీ ఒక ఐడీ ఇచ్చి అదే కీగా పెట్టాను, పోయింది. ఇది జావాస్క్రిప్ట్ నేర్చుకున్నట్టా, రియాక్ట్ నేర్చుకున్నట్టా, మీరే తేల్చుకోండి.

గబగబ అన్నా, ఆ రెండు ప్రాజెక్టులూ తీసేశాను. రిజ్యుమె బోసిగా ఉంది. అయినా ఒక చోటి నుంచి పిలుపొచ్చింది, గురువారం ఇంటర్వ్యూ. వాళ్ల ప్రకటనలో రియాక్ట్ కాదు, అలాంటిదే ఇంకో ఫ్రేమ్‌వర్క్, వ్యూ అని రాసుంది. నాకు వ్యూ ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ముందే మెయిల్‌లో చెప్పాను. పర్లేదు రమ్మన్నారు.