మిర్రర్‌లో మిగిలిన డిస్కును నేరుగా తెరవవచ్చా, ముందు నకలు తీయాలా?

ప్రశ్న (చిత్తూరు)

మా బంధువుల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్ నేనే చూసుకుంటాను. అందులో 4 టీబీ డిస్కులు రెండు, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1 మిర్రర్‌గా (ఒకే సమాచారం రెండు డిస్కుల మీదా ఉండేలా) ఉన్నాయి. కొత్త సిస్టం ఎక్కించబోతే ఇన్‌స్టాలర్ మొదటి డిస్కు మీద కొత్త పార్టిషన్లు చేసి, ఫైళ్లు రాస్తూ మధ్యలోనే నిలిచిపోయింది. రెండో డిస్కు జోలికి పోలేదు. తోతాపురి కాయ దిగుతున్న రోజులివి. రైతుల తూకం చీటీలు, చెల్లింపుల లెక్కలు అన్నీ ఆ మిర్రర్‌లోనే ఉన్నాయి, వేరే బ్యాకప్ లేదు. రెండు డిస్కులూ మళ్లీ తగిలిస్తే మిర్రర్ తనంతట తానే సరిచేసుకుంటుందని సర్వర్ అమ్మినవారు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు (తిరుపతి)

దయచేసి ఆ రెండు డిస్కులనూ ఒకే యంత్రానికి తగిలించకండి. రెండింటిలో ఏది సరైనదో రెయిడ్ 1కు తెలియదు. ప్రతి డిస్కు సూపర్‌బ్లాక్‌లోనూ (మిర్రర్ తన వివరాలు రాసుకునే చోటు) మార్పులతో పాటు పెరిగే ఈవెంట్ సంఖ్య ఒకటి ఉంటుంది, మిర్రర్ దాన్ని చూసే ఏ డిస్కు వెనుకబడిందో నిర్ణయిస్తుంది. ఇన్‌స్టాలర్ మిర్రర్‌ను దాటి నేరుగా డిస్కు మీద రాసింది కాబట్టి, మొదటి డిస్కులో పాత సూపర్‌బ్లాక్ చెరగకుండా మిగిలి ఉంటే ఆ సంఖ్య రెండింటిలోనూ ఒకటే కావచ్చు. అప్పుడు మిర్రర్ రెండూ సమానమని నమ్మి ఇటు కొంత, అటు కొంత చదువుతుంది. రీసింక్ (ఒక డిస్కును చూసి రెండోదాన్ని దానికి సమానం చేయడం) మొదలైతే మొదటి డిస్కులోని చెడిన బ్లాకులే రెండో డిస్కు మీదికి వెళ్లవచ్చు. మీ దగ్గర మిగిలిన ఒక్క ప్రతీ అలా పోవచ్చు.

రెండో డిస్కును ఒంటరిగా వేరే యంత్రానికి తగిలించి, దాని మీద ఏదీ రాయడానికి వీల్లేకుండా చేసి, డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రాంతో కొత్త డిస్కులోకి పూర్తి నకలు తీయండి. మిగతా పనంతా ఆ నకలు మీదే జరగాలి.

జవాబు (రేణిగుంట)

డిస్కులు కలపకూడదన్న మాట నిజమే, కానీ పూర్తి నకలు తీయాలన్న పట్టుదలను నేను ఒప్పుకోను. సెకనుకు 150 ఎంబీ చొప్పున చదివినా 4 టీబీకి దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది. లోడు లారీలు గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఏడున్నర గంటలంటే తక్కువ కాదు. పైగా పాత డిస్కును ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివించడమే ఒక భారం, ఐదో గంటలో అది మొరాయిస్తే అసలు కావలసిన ఫోల్డర్ ఇంకా చేతికి వచ్చి ఉండకపోవచ్చు. తూకం డేటాబేస్ కొన్ని జీబీలకు మించదు. రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేసి, అంటే ఫైళ్లు కనిపించేలా తెరిచి, ముందు దాన్ని బయటికి తీసుకోవడమే వివేకం.

జవాబు (తిరుపతి)

సమయం గురించి మీరన్నది కాదనను. అయితే రీడ్-ఓన్లీ అనే మాటను నమ్ముకోకూడదు. సిస్టం సరిగా ఆగకుండా పోయి ఉంటే, లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంను రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా, జర్నల్‌లో (మార్పులను ముందుగా నమోదు చేసుకునే చోటు) మిగిలిన మార్పులను ముందుగా డిస్కు మీద రాసేస్తుంది. దాన్ని ఆపాలంటే నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి. నోలోడ్ ఇస్తే ఆ చివరి మార్పులు కనిపించవు, అంటే సరిగ్గా ఆఖరి రోజు చీటీలే అసంపూర్ణంగా రావచ్చు. నకలు ఉంటే ఈ చిక్కు లేదు, జర్నల్‌ను దాని మీద నిశ్చింతగా నడవనివ్వవచ్చు. డేటాబేస్ కూడా తెరవగానే తన ఫైళ్లను తానే సరిచేసుకుంటూ రాస్తుంది, ఆ ప్రయత్నం బెడిసికొడితే మళ్లీ మొదలుపెట్టడానికి ముట్టుకోని ప్రతి ఒకటి ఉండాలి.

డిస్కు పాతదన్న భయానికి స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునేవి) చూడండి. పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగా చదవలేకపోతున్న చోట్లు) సున్నా కాకపోతే నకలు మరీ అవసరం. డీడీరెస్క్యూ తేలికగా చదవగలిగిన భాగాలను ముందు తీసి, మొండికేసిన చోట్లను చివరికి వదిలిపెడుతుంది, మ్యాప్ ఫైల్ ఇస్తే ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలవుతుంది.

ఇంకొక్క మాట. నకలు మీద మిర్రర్‌ను మళ్లీ నిలబెట్టనక్కరలేదు. లినక్స్ మిర్రర్‌లను నడిపే ఎండీ-ఆడ్మ్ (mdadm) ఆదేశాన్ని ఎగ్జామిన్ ఆప్షన్‌తో నడిపితే డేటా ఆఫ్‌సెట్ (డేటా ఎంత దూరంలో మొదలవుతుందో) చూపిస్తుంది, అది ఏమీ రాయదు. అక్కడ 262144 సెక్టార్లు అని ఉంటే, 512తో గుణించగా 13,42,17,728 బైట్లు, అంటే 128 ఎంబీ. మిర్రర్‌లో భాగమైన పార్టిషన్ మొదటి నుంచి అంత దూరం వదిలి లూప్ డివైస్ (ఆ భాగాన్ని విడి డిస్కులా చూపించేది) పెడితే ఫైల్ సిస్టం నేరుగా కనిపిస్తుంది. మిర్రర్‌ను కొత్తగా చేసే క్రియేట్ ఆప్షన్ మాత్రం ఎవరు చెప్పినా వాడవద్దు, ఆఫ్‌సెట్ తేడాగా పడితే ఏం జరిగిందో తెలిసేలోపే నష్టం జరిగిపోతుంది.

జవాబు (రేణిగుంట)

జర్నల్ విషయం ఒప్పుకుంటున్నాను. అయినా పెండింగ్ సెక్టార్లు సున్నా ఉన్న డిస్కులో, నోలోడ్‌తో ముందు ఆ ఒక్క ఫోల్డర్ తీసి, ఆ తరువాతే నకలు మొదలుపెడతాను. ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

చిత్తూరు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెండింగ్ సున్నా అని చూపించినా ముందు నకలే తీశాను. రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లవారి ఐదున్నరకు అయింది, అంతవరకూ తూకాలు చేతి పుస్తకంలో రాయించాం. ఆఫ్‌సెట్ మీరు చెప్పిన సంఖ్యే వచ్చింది. నకలును మామూలుగా మౌంట్ చేస్తే జర్నల్ నడిచి డేటాబేస్ తెరుచుకుంది. ఆఖరి పదహారు చీటీలను వేబ్రిడ్జి దగ్గరి కార్బన్ కాపీలతో ఒక్కొక్కటిగా సరిచూశాను, అన్నీ ఉన్నాయి. పాత రెండో డిస్కును కవరులో పెట్టి, తేదీ వేసి, బీరువాలో భద్రపరిచాను.