సమస్యాపూరణం: "పెద్దలకును టోపి పెట్టవలయు"

ఆటవెలది చివరి పాదమిది. వాడుకలో టోపీ పెట్టడమంటే మోసగించడం, చిక్కంతా అక్కడే. ఆ అర్థం రాకుండా, నాలుగు గోడల మధ్య టోపీ మర్యాదే వస్తువుగా పూరించాలి. చాటువు, పూలరథం, సింహావలోకనం పూరించినవారి మారుపేర్లు; గణవిభజన విమర్శకుడి మారుపేరు.

చాటువు:
గడపఁ దాఁటు మునుపె కరమున నంచునుఁ
బట్టి తీసి, నవ్వి పలుకరించి,
బల్లమీఁద, వంగి భక్తితో మ్రొక్కి, యా
పెద్దలకును, టోపి పెట్టవలయు

గణవిభజన: విరుపు (మాటల్ని వేరేచోట విడగొట్టి అర్థం మార్చడం) బాగుంది. "అంచు పట్టి" అన్నది తెలిసినవారి మాట. ఫెల్ట్ టోపీని ముందు నొక్కు దగ్గర గిల్లినట్టు పట్టి తీస్తుంటే, కొన్నాళ్లకు అక్కడే చిట్లుతుంది. కానీ "బల్లమీఁద" ఎక్కడో ఉంది, "పెట్టవలయు" ఎక్కడో ఉంది: దూరాన్వయం. పైగా భోజనాల బల్లమీద టోపీ పెట్టడమే అమర్యాద. వేరే బల్లయినా వెల్లకిలా పెట్టాలి, లేకుంటే బరువంతా అంచుమీద పడి వంగిపోతుంది. చేత పట్టుకుంటే లోపలి అస్తరు మనవైపు ఉండాలి. "కొక్కెమందు, వంగి కూర్మితో మ్రొక్కి, యా" అంటే కొ–కూ యతీ (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి ఉండాల్సిన పొత్తు) చెల్లుతుంది, బల్ల గొడవా పోతుంది. దూరాన్వయం మాత్రం అలాగే ఉంటుంది.

పూలరథం:
చలికి వణకు వారి చెవులనుఁ జక్కఁగాఁ
గప్పుటొప్పు నింటఁ, గాదు తప్పు.
అడిగి, వారి నోట నవునన్న మాటతో
పెద్దలకును టోపి పెట్టవలయు

గణవిభజన: మొదటి పాదంలో యతిభంగం. చ–చె: హల్లు కుదిరింది, అచ్చు కుదరలేదు. "చలికి వణకు వేళఁ జక్కఁగాఁ జెవులనుఁ" అనండి. మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. ఎదుటివారి తలమీద చెయ్యి వేసేముందు అడగాల్సిందే. చికిత్సలో జుట్టు రాలి టోపీ పెట్టుకున్నవారిని "తీయండి" అనకపోవడమూ ఈ కోవలోదే.

సింహావలోకనం:
ఓట్లు పడెడి వేళ నొక మాట నడుగంగ
సీటు విడువకుండఁ జేయవలయు;
ఆంగ్లసభకు నుండె నట్టి పద్ధతి గన,
పెద్దలకును టోపి పెట్టవలయు

బ్రిటన్ కామన్స్ సభలో ఓటింగ్ జరుగుతుండగా పాయింట్ ఆఫ్ ఆర్డర్ (సభా నియమం తప్పిందన్న అభ్యంతరం) లేవనెత్తే సభ్యుడు కూర్చునే, తలమీద టోపీతో మాట్లాడాల్సి ఉండేది. అందుకని మడతపడే టోపీ ఒకటి సిద్ధంగా ఉంచేవారు. ఆ నియమాన్ని 1998లో ఎత్తేశారు.

గణవిభజన: వస్తువు కొత్తది. "గన" వ్యర్థపదం. అసలు చిక్కు క్రియలో ఉంది: ఆ సభ్యుడు టోపీ పెట్టుకోవాలి, ఎవరో పెట్టరు కదా?

సింహావలోకనం: పెట్టుపోతల్లోని "పెట్టు" అండి. ఇచ్చుట. టోపీ చేతికి అందివ్వాలి.

గణవిభజన: నిఘంటువు ఒప్పుకుంటుంది. చదివేవాడికి మాత్రం ముందు తొడగడమే తోస్తుంది.