ఈ-బుక్ లైబ్రరీలో ఉందంటుంది, తెరిస్తే రాదు: ఎవరైనా చెప్పగలరా?

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులోనే ఎం.ఎస్.కి గుంటూరు నుంచి అమెరికా వచ్చాను. మా యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగ్‌లో టెక్స్ట్‌బుక్ ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపిస్తోంది. ఒకసారి డబ్బులు కట్టమంటోంది, ఇంకోసారి వేరేవాళ్లు చదువుతున్నారు ఆగమంటోంది. ఆన్‌లైన్ పుస్తకానికి కూడా క్యూ ఏంటండీ? వచ్చే వారం క్విజ్, టెన్షన్‌గా ఉంది.

*

తమ్ముడూ, ముందు కార్డు లోపల పెట్టు. నేను ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగింగ్ చేస్తాను, రోజూ ఇదే గోల.

డబ్బులు అడిగిందంటే నువ్వు గూగుల్‌లో వెతికి నేరుగా పబ్లిషర్ సైట్‌కి వెళ్లి ఉంటావు. నువ్వు ఏ యూనివర్సిటీ వాడివో దానికెలా తెలుస్తుంది? క్యాంపస్ వైఫైలో ఐపీ అడ్రస్ చూసి రానిస్తుంది, రూమ్‌కి వచ్చాక రానివ్వదు. లైబ్రరీ కేటలాగ్‌లోంచి వెళ్తే యూనివర్సిటీ లాగిన్ అడిగి, ఈజీప్రాక్సీ లాంటి సాఫ్ట్‌వేర్ ద్వారా, నువ్వు యూనివర్సిటీ వాడివే అన్నట్టు లోపలికి పంపుతుంది. ఎప్పుడూ అటునుంచే వెళ్లు.

ఇక క్యూ సంగతి. చాలా ఈ-బుక్స్‌కి మేం కొనేది పుస్తకం కాదు, లైసెన్సు. లైబ్రరీలకి ఈ-బుక్స్ అమ్మే ఎబ్‌స్కో లాంటి కంపెనీలు ఒకే పుస్తకాన్ని ఒకేసారి ఒకరికి, ముగ్గురికి, ఎంతమందికైనా అని వేర్వేరు రేట్లకి అమ్ముతాయి. ఒకరి లైసెన్సైతే మీ క్లాస్‌లో ఇంకెవరో ట్యాబ్ తెరిచి వదిలేసి భోజనానికి పోయినా నీకు దొరకదు. తెల్లవారుజామున ప్రయత్నించు, కావాల్సిన చాప్టర్ పీడీఎఫ్ దించుకుని వెంటనే బయటికొచ్చేయ్. అన్నిటికంటే ముందు మీ డిపార్ట్‌మెంట్ లైబ్రేరియన్‌కి రెండు లైన్ల మెయిల్ కొట్టు. లైసెన్సు పెంచడం ఒక్కోసారి నిమిషాల పని, కానీ అడిగేవాళ్లే ఉండరు. మనవాళ్లకి మొహమాటం మరీ ఎక్కువ. కొన్ని టెక్స్ట్‌బుక్స్‌ని మాత్రం పబ్లిషర్లు లైబ్రరీలకి ఈ-బుక్‌గా అసలు అమ్మరు. వాటికి రిజర్వ్ డెస్కులో కాగితం కాపీ ఉందేమో అడుగు, కొన్ని గంటలు చదువుకోవడానికి ఇస్తారు.

ఇంకో విషయం. ఈ-బుక్ వివరాలన్నీ మేం ఒక్కొక్కటిగా కూర్చుని రాయం. అమ్మే కంపెనీలే మార్క్ రికార్డులు (కేటలాగ్ కంప్యూటర్ చదవగలిగేలా రాసిన పుస్తక వివరాలు) వేలకి వేలు పంపిస్తాయి, మేం గంపగుత్తగా ఎక్కిస్తాం. అందుకే ఎడిషన్ తేడా రావచ్చు, తీసేసిన పుస్తకం పేరు ఇంకా కనబడుతూ ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే రిపోర్ట్ బటన్ నొక్కు, మాకు సాయం చేసినట్టే. కొన్ని పుస్తకాలైతే మేం ముందుగా కొననే కొనం. కేటలాగ్‌లో పెట్టి ఉంచుతాం, ఎవరైనా తెరిచి కాసేపు చదివితే అప్పుడు లైబ్రరీ ఖాతాలో కొనుగోలవుతుంది. బిల్లు నీకు రాదు, ధైర్యంగా తెరువు.

స్క్రిప్ట్ రాసి పుస్తకాలు మొత్తం దించేయడం మాత్రం వద్దు. పబ్లిషర్ కనిపెడితే క్యాంపస్ మొత్తానికి ఆపేస్తాడు, ఆ తర్వాత పిలుపు నీకే వస్తుంది.

*

అక్క చెప్పిందానికి చిన్న చేర్పు. ఖాళీ దొరికి తెలుగు పుస్తకాలు వెతికితే, ఇక్కడి కేటలాగులు వాటి పేర్లని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటిది) పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాయి. అందులో ‘చ’కి ‘సీ’ ఒక్కటే, ‘హెచ్’ ఉండదు. ‘చరిత్ర’కి ‘సీహెచ్’ కొడితే చాలావరకు దొరక్కపోవచ్చు, ‘హెచ్’ తీసేస్తే బోలెడు వస్తాయి. గుర్తులు, చుక్కలు పెట్టక్కర్లేదు. బ్రౌన్ నిఘంటువుకైతే లాగిన్ కూడా అక్కర్లేదు, చికాగో యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో ఉచితంగా ఉంది.

*

థాంక్యూ అక్కా, అన్నా. లైబ్రేరియన్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను. డిగ్రీ అయ్యాక కూడా ఈ లాగిన్ ఉంటుందా?

*

చాలాచోట్ల ఉండదు తమ్ముడూ, లైసెన్సులు చదువుతున్నవాళ్లకీ పనిచేసేవాళ్లకీ మాత్రమే. తర్వాత లైబ్రరీకే వెళ్లి అక్కడి కంప్యూటర్లో చదువుకోనిస్తారేమో మీవాళ్లని అడుగు, చాలా లైసెన్సుల్లో ఆ వీలు ఉంటుంది.