సీ డిఫ్ కేసుల రిజిస్టర్ ఎలా రాస్తున్నారు? కాస్త చెప్పండి

నమస్తే అండీ. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. ఐసీయూలో యాంటీబయాటిక్స్ మీదున్న పేషెంట్‌కి విరేచనాలు పట్టుకుంటే ఇన్నాళ్లూ ట్యూబ్ ఫీడ్ పడలేదనుకునేవాళ్లం. ఇప్పుడు క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ (సీ డిఫ్, యాంటీబయాటిక్స్ వాడాక విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) కేసులకు రిజిస్టర్ పెట్టమన్నారు.

అడ్మిషన్ రోజును ఒకటిగా లెక్కేసి, నాలుగో రోజు నుంచి తీసిన శాంపిల్ పాజిటివ్ అయితే ఆసుపత్రిలో మొదలైన కేసు, 10,000 పేషెంట్ రోజులకు ఇన్ని అని రేటు. ఇంతవరకు సరే. కానీ మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వేరే నర్సింగ్ హోంలో సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ ఎక్కించుకుని వస్తారు. రెండో రోజే పాజిటివ్ వస్తే మీరు ఎవరి ఖాతాలో రాస్తున్నారు? దానికి వేరే కాలమ్ ఉందా?

మోషన్ టెస్టులో జీడీహెచ్ (ఈ బ్యాక్టీరియా ఎంజైమ్) పాజిటివ్, టాక్సిన్ (అది వదిలే విషం) నెగెటివ్ వచ్చినప్పుడు ఇంకో తలనొప్పి. పీసీఆర్‌కి బయటికి పంపాలంటే ‘మోషన్ టెస్టుకి ఇంత డబ్బా’ అని ఇంటివాళ్లు ఊరుకోరు. అలాంటివి లెక్కలో వేస్తారా, వదిలేస్తారా?

అసలు సందేహం రెసిస్టెన్స్ (మందులకు లొంగకపోవడం) గురించి. ఈ బ్యాక్టీరియా గాలి తగిలితే పెరగదు, మా ల్యాబ్‌లో అనెరోబిక్ (గాలి లేకుండా పెంచే) కల్చర్ లేదు. మిగతా కల్చర్లు హూనెట్‌లో (రెసిస్టెన్స్ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నాం, దీనికి ఎక్కించడానికేమీ లేదు. బదులుగా వార్డువారీగా మెరోపెనెమ్, క్లిండామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడకం రాసుకుంటే ఉపయోగముంటుందా?

హ్యాండ్ రబ్‌తో దీని స్పోర్లు చావవు, సబ్బూ నీళ్లే దిక్కు. మా సింకేమో కారిడార్ చివర. దాని సంగతి మేనేజ్‌మెంట్‌తో తేల్చుకుంటాను. చిన్న ఆసుపత్రుల్లో ఈ పని చూస్తున్నవాళ్లు మీ రిజిస్టర్‌లో ఏ కాలమ్‌లు ఉన్నాయో చెబితే చాలు.