ఆముదం దాసరి పురుగు ఏ కుటుంబమండీ?

మాది అమలాపురం దగ్గర. కాలవగట్టు మీది ఆముదం మొక్కల నుంచి దాసరి పురుగులు తెచ్చి సీసాలో పెంచాను. వచ్చిన రెక్కల పురుగులకు వెనక రెక్క నలుపు, మధ్యలో తెల్లపట్టీ. శాస్త్రీయ నామం అకియా జనాటానే. పాత వ్యవసాయ పుస్తకం దీని కుటుంబం నాక్టుయిడే అంటోంది, నెట్‌లో ఎరెబిడే అని ఉంది. వీటిని దాచే డబ్బా మీద ఏది రాయను?

జవాబు: ఎరెబిడే అనే రాయండి. 2010 తర్వాత డీఎన్‌ఏ పోల్చి పాత నాక్టుయిడేలోంచి చాలావాటిని అటు మార్చారు. గొంగళి పురుగుల కుటుంబం ఆర్క్టియిడే కూడా ఇప్పుడు అందులో ఉపకుటుంబమే.

మరొకరు: మా మినుము తినేసే పొగాకు లద్దెపురుగు కూడా మారిందా గురూగారూ?

జవాబు: లేదండి, ఆ పురుగు ప్రజాతి స్పోడాప్టెరా నాక్టుయిడేలోనే ఉంది. రెండు కుటుంబాల తేడా తెలియాలంటే వెనక రెక్క మీద పొలుసులు బ్రష్‌తో దులిపి చూడండి. ఎమ్2 ఈనె (రెక్క మధ్య ఈనెల్లో రెండోది) సన్నగా ఉంటే సాధారణంగా నాక్టుయిడే, మిగతా ఈనెలంత బలంగా ఉంటే ఎరెబిడే వైపు. లెన్సు లేకుండా మాత్రం కూర్చోకండి, కళ్లు పోతాయి!