స్వైప్ గంటలు, మూసిన టికెట్లు: డెవలపర్ పనిని వీటితోనా కొలిచేది?

గచ్చిబౌలి_లీడ్
మా ఆఫీసులో వచ్చే నెల నుంచి కొత్త డాష్‌బోర్డ్ పెడుతున్నారు. ఎన్ని గంటలు లోపల ఉన్నామో గేటు దగ్గర కార్డు స్వైప్ లెక్క, ఎన్ని టికెట్లు (ఒక్కో పనికీ, బగ్‌కీ సిస్టంలో తెరిచే ఎంట్రీ) మూశామో ఇంకో లెక్క, రెండూ అప్రైజల్‌లో చూస్తారట. ఎనిమిది మంది టీమ్‌కి ఈ మాట నేనే చెప్పాలి, నాకే మింగుడు పడటం లేదు.

పోయిన మార్చిలో అమెరికా క్లయింట్‌కి ఒక ఆదివారం రిపోర్టు వెళ్లలేదు, సోమవారం మళ్లీ మామూలే. మా టీమ్‌లో ఒకమ్మాయి మూడు రోజులు దాని వెంట పడింది. లాగ్స్‌లో ఎర్రర్ లేదు, రిపోర్టును దానంతటదే పంపే జాబ్ ఫెయిల్ కాలేదు, అసలు మొదలే కాలేదు. తేలిందేమిటంటే ఆ జాబ్ అక్కడి టైమ్ ప్రకారం రాత్రి 2:30కి పెట్టి ఉంది, మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, 2 కాగానే 3 అయిపోతుంది, అంటే ఆ రోజు 2:30 అనేదే లేదు! జాబ్‌లను టైమ్‌కి మొదలుపెట్టే మా షెడ్యూలర్ దాన్ని వదిలేసి ఊరుకుంది. మనకు గడియారం జరిపే గొడవే లేదు కాబట్టి ఇక్కడి టైమ్‌తో ఎన్నిసార్లు టెస్ట్ చేసినా దొరకదు. ఆమె మార్చింది ఒక్క లైను, జాబ్‌ని యూటీసీకి, అంటే ఎప్పుడూ ముందుకూ వెనక్కీ జరపని ప్రపంచ ప్రామాణిక టైమ్‌కి తిప్పింది. మూడు రోజులకు ఒక టికెట్. అదే వారం పక్కవాడు బటన్ రంగులు, స్పెల్లింగులు సరిచేసి పదకొండు మూశాడు. ఇప్పుడు ఎవరికి మంచి రేటింగ్ వస్తుందో మీరే చెప్పండి.

టైమ్‌షీట్_బాబాయ్
తమ్ముడూ, నీ జీతం ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూడు. టైమ్ అండ్ మెటీరియల్ కాంట్రాక్ట్‌లో క్లయింట్ కొనేదే గంట. ఇన్‌వాయిస్‌లో "బాగా ఆలోచించారు" అని రాసి పంపలేం కదా. "ఆలోచిస్తున్నా సార్" అంటూ రెండు వారాలు లాగించి చివరికి చేతులెత్తేసిన వాళ్లనూ చూశాను. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మౌస్ కదిలించే పరికరం కొని, టీమ్స్ చాట్ యాప్‌లో పనిలో ఉన్నట్టు చూపే పచ్చ చుక్క వెలిగించి, హాయిగా పడుకున్న మహానుభావుడు మా దగ్గరే ఉండేవాడు. యాభై మందిని చూసుకునేవాడికి ఏదో ఒక లెక్క లేకపోతే ఎలా?

పాత_జావా
బాబాయ్ గారూ, మీ పచ్చ చుక్క కథ మీకే ఎదురు తిరిగింది. మీరు చుక్కను లెక్కపెట్టారు, అతను మీకు చుక్కనే ఇచ్చాడు.

ఇది కొత్త రోగమేం కాదు. 1982లో యాపిల్‌లో లిసా అనే కంప్యూటర్ తయారుచేసే టీమ్‌లో వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారంలో నింపమన్నారు. ఆ టీమ్‌లోని ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ అప్పుడే ఒక భాగాన్ని తిరగరాసి రెండు వేల లైన్లు తగ్గించాడు, పైగా అది ముందుకన్నా వేగంగా నడుస్తోంది. ఫారంలో మైనస్ 2000 అని రాసి ఇచ్చాడు. కొన్ని వారాలకు ఆయన్ని ఫారం అడగడం మానేశారు. ఇక 2023లో యువత వారానికి 70 గంటలు పని చేయాలన్న ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారి మాట మీద ఎంత రచ్చ అయిందో అందరికీ తెలుసు, మళ్లీ దానిలోకి వెళ్లను.

క్యూఏ_అక్క
అందరూ డెవలపర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు, చివరికి ఆ పాపం మోసేది టెస్టింగ్ చేసే మేము. నా పాత కంపెనీలో ఇదే టికెట్ల లెక్క పెట్టారు. మొదటి నెలలోనే ఒక బగ్ మూడు టికెట్లయింది. "మా మెషీన్లో రావట్లేదు" అని మూసేయడం, మేం మళ్లీ తెరవడం, మళ్లీ మూయడం, ప్రతిసారీ ఒక అంకె. గ్రాఫ్ పైకి, రిలీజ్ వెనక్కి. అయినా మేమూ తక్కువ తినలేదు, ఎన్ని బగ్గులు పట్టారు అని మాకు లెక్క పెట్టగానే కామా లేదని ఒకటి, ఫుల్‌స్టాప్ లేదని ఒకటి తెరిచాం. సిగ్గుగా ఉంది కానీ నిజం.

మధురవాడ_మమ్మీ
స్వైప్ సంగతి నేను చెప్తా. లోపల తొమ్మిది గంటలు లెక్కే. ఇంటికొచ్చి పాపకు అన్నం కలుపుతుంటే వచ్చే 8:30 అమెరికా కాల్ మాత్రం లెక్కలో ఉండదు, నవంబరులో వాళ్ల గడియారం వెనక్కి పోతే అదే కాల్ 9:30. ఆ తొమ్మిది గంటల్లోనైనా పని జరుగుతుందా అంటే, 10:30కి స్టాండప్ మీటింగ్, 12కి రాబోయే పనులు చర్చించే గ్రూమింగ్ మీటింగ్, 3కి ఇంకేదో, మధ్యలో మిగిలేవన్నీ ముక్కలు. మా లీడ్ బుధవారం మధ్యాహ్నం దాకా మీటింగులు తీసేశారు. వారంలో నేను నిజంగా కోడ్ రాసేది ఆ పూటే. కొలవాలంటే అలాంటి పూటలు ఎన్ని ఇచ్చారో మేనేజర్లను కొలవండి.

టైమ్‌షీట్_బాబాయ్
అమ్మా, ఆ బుధవారం మాట బాగుంది, నేనూ మొదలుపెడతాను. కానీ "నా పని నాకు తెలుసు" అనేవాళ్లకు ఒక మాట. 2025లో మెటర్ అనే సంస్థ అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లకు వాళ్లకు తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చి, కొన్నిటికి ఏఐ వాడనిచ్చి కొన్నిటికి వద్దని చూసింది. ఏఐతో 20 శాతం వేగంగా చేశామని వాళ్లు అనుకున్నారు, గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ టైమ్ పట్టింది. అంటే ఎవరికి వారు వేసుకునే లెక్క కూడా తప్పుతోందిగా. బయట నుంచి ఒక లెక్క ఉండాలనేది అందుకే.

పాత_జావా
ఒప్పుకుంటాను. కానీ వాళ్లు కొలిచింది ఒక్కో పనికి పట్టిన టైమ్, గేటు దగ్గర స్వైప్ కాదు.

గచ్చిబౌలి_లీడ్
నిన్న పైవాళ్లతో మాట్లాడాను. క్యూఏ అక్క చెప్పిందే చెప్పాను, మళ్లీ తెరిచిన టికెట్ లెక్కలోంచి తీసేస్తామన్నారు. కారణం వెతికే పనికి వేరే ట్యాగ్ ఇస్తారట. స్వైప్ మాత్రం ఉంటుంది, దాని మీద మాట వినిపించుకోలేదు. అలా చూస్తే సగం ఓడిపోయినట్టే.

ఇంతలో ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, నవంబరు మొదటి ఆదివారం అక్కడ 1:30 రెండుసార్లు వస్తుంది, ఆ టైమ్‌కి ఉన్న జాబ్స్ రెండుసార్లు నడుస్తాయేమో చూడనా అంది. చూడమన్నాను. దానికింకా టికెట్ తెరవలేదు.